ఇంట్లో తూటాలు నింపుకోవడం ఎలా? (అమెరికాలో రీలోడింగ్ మొదలుపెట్టేవాళ్లకు)

అమెరికాలో షూటింగ్ రేంజికి మొదటిసారి వెళ్లినప్పుడు ఒకటి వింతగా అనిపించింది. కాల్చడం అయిపోయాక నలుగురైదుగురు పెద్దవాళ్లు ఇంటికి పోకుండా వంగి ఇత్తడి గొట్టాలు ఏరుకుంటున్నారు. శుభ్రం చేస్తున్నారేమో అనుకున్నా. కాదట, వాటిని ఇంటికి తీసుకెళ్లి కడిగి, మళ్లీ తుపాకీ మందు నింపుతారట. దీన్నే రీలోడింగ్ అంటారు. అక్కడ చాలా గ్యారేజీల్లో చేపల గాలాల పక్కనే దీని సామానూ ఉంటుంది. అంత మామూలు హాబీ.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. అమ్మకానికి తయారు చేస్తే మాత్రం లైసెన్సు తప్పనిసరి. మనవాళ్లు చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరమే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ, వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డంకి లేదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, అవీ చూసుకోవాలి.

ఇక ఇండియాలో ఇది ఇంట్లో చేసే పని కానే కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం పెద్ద నేరం. ఊరికి వచ్చేటప్పుడు రేంజికి తీసుకెళ్లే బ్యాగు వాడకండి. జేబు మూల మిగిలిపోయిన ఖాళీ ఇత్తడి గొట్టం (దీన్నే కేసు అంటారు) కూడా ఎయిర్‌పోర్టులో పోలీసు కేసు అయి కూర్చుంటుంది.

తూటాలో ఏముంటుంది

నాలుగే భాగాలు. ఇత్తడి గొట్టం, అంటే కేసు. దాని అడుగున చిన్న బొత్తాంలా ఉండే ప్రైమర్. లోపల మందు. పైన బుల్లెట్. తుపాకీ పిన్ను ప్రైమర్‌ని కొడితే నిప్పురవ్వ పుట్టి మందు అంటుకుంటుంది. ఆ వాయువు బుల్లెట్‌ని నెడుతుంది. కాల్చాక మిగిలేది ఇత్తడి ఒక్కటే, దాన్నే మళ్లీ వాడతాం. మిగతా మూడూ కొత్తగా కొనాలి.

డబ్బు మిగులుతుందని దిగేవాళ్లకు ఒక మాట. ఒక్కో తూటా ఖర్చు తగ్గొచ్చు గానీ, మనం కాల్చేదే పెరిగిపోతుంది. నాకైతే ఏమీ మిగల్లేదు. ఫోను పక్కన పెట్టి రెండు గంటలు ఒకే పని మీద కూర్చునే సుఖం కోసం చేస్తున్నాను.

ఏ సైజుతో మొదలుపెట్టాలి, ఏం కొనాలి

నన్నడిగితే .38 స్పెషల్. దీని కేసు గోడలు నిటారుగా ఉంటాయి కాబట్టి కార్బైడ్ డై (కేసును నొక్కి కొలతకు తెచ్చే గట్టి లోహపు అచ్చు) వాడితే నూనె పూయక్కర్లేదు. కాల్చినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి పరిమితి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు. 9 ఎంఎం పిస్టల్ తూటాకి అది 35,000. పైగా ఇది రివాల్వర్ తూటా, కేసులు నాలుగు దిక్కులా ఎగిరిపడవు. చాలా రైఫిల్ తూటాలకు మెడ ఉంటుంది, గ్రీజు పూయాలి, పొడవు కోయాలి. అవి రెండో ఏడాదికి.

డై బిగించి లివర్‌తో నొక్కే యంత్రాన్ని ప్రెస్సు అంటారు. వాటిలో సింగిల్ స్టేజ్ కొనండి. లీ, ఆర్‌సీబీఎస్, హార్నడీ, లైమన్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. లివర్ ఒకసారి దించితే ఒకే పని జరుగుతుంది. ప్రోగ్రెసివ్ ప్రెస్సు ఒక్కో దెబ్బకు ఒక్కో తూటా ఇస్తుంది, నిజమే. కానీ తప్పు కూడా అదే వేగంతో వస్తుంది. కదలని బల్లకు బోల్టులు బిగించి పెట్టుకోండి. ఇంకా డై సెట్, కేసును పట్టి ఉంచే షెల్ హోల్డర్, త్రాసు, వెర్నియర్ కాలిపర్, 50 గుంటలున్న లోడింగ్ బ్లాక్, ప్రైమర్లు ఎక్కించే పరికరం, కళ్లకు రక్షణ అద్దాలు కావాలి. వీటన్నిటికన్నా ముందు మాన్యువల్ కొనాలి. మందు కంపెనీలు, బుల్లెట్ కంపెనీలు పరీక్షించి అచ్చువేసిన కొలతలు అందులో ఉంటాయి. రేంజిలో కలిసిన అన్న చెప్పిన కొలత, యూట్యూబ్‌లో విన్న కొలత పనికిరావు. నేనూ అందుకే ఇక్కడ మందు కొలత ఒక్కటి కూడా రాయడం లేదు.

1. కేసులు చూడటం, కడగడం

ఒక్కో కేసును వెలుతురులో తిప్పి చూడండి. మూతి దగ్గర పగులు ఉన్నా, అడుగుకు కాస్త పైన మెరిసే గీత ఉన్నా పారేయండి. లోపలికి చూస్తే అడుగున ఒకే రంధ్రం కనపడాలి. అది బాక్సర్ రకం. రెండు రంధ్రాలుంటే బెర్డాన్ రకం, మన డైలో పాత ప్రైమర్‌ని తోసే పిన్ను విరుగుతుంది. తమాషా ఏమిటంటే, వీటిని కనిపెట్టినవాళ్లలో బాక్సర్ ఇంగ్లిష్ వాడు, బెర్డాన్ అమెరికన్. అమెరికాలో మాత్రం బాక్సరే నిలిచింది.

కడగడానికి గుండ్రంగా తిరిగే టంబ్లర్‌లో వాల్‌నట్ పెంకుల పొడి గానీ, నీళ్లూ స్టీలు పిన్నులూ గానీ వేస్తారు. నీళ్లలో చిటికెడు సిట్రిక్ యాసిడ్ వేస్తే తళతళలాడతాయి. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెకు చింతపండు పూసిన లెక్కే. అమ్మోనియా ఉన్న పాలిష్ మాత్రం వాడకండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇండియాలోనే దీని పాఠం దొరికింది. వానాకాలంలో గుర్రపు శాలల దగ్గర నిలవ ఉంచిన తూటాల ఇత్తడి దానంతటదే పగిలేది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని పరిశోధకులు తేల్చేసరికి 1921 అయింది.

కాల్చిన కేసుల్లో ప్రైమర్ మసి ఉంటుంది, అందులో సీసం ఉంటుంది. పొడి టంబ్లర్ మూత ఇంట్లో తీయకండి. వంటింటి సింకులో కడగకండి. పని మధ్యలో మిరపకాయ బజ్జీ తినకండి.

2. సైజు చేయడం

కాల్చినప్పుడు కేసు ఉబ్బుతుంది. మొదటి డైలోకి నెడితే మళ్లీ కొలతకు వస్తుంది, పాత ప్రైమరూ ఊడి పడుతుంది. కాలిపర్‌తో పొడవు చూడండి. .38 స్పెషల్ కేసు 1.155 అంగుళాలు మించకూడదు. రెండో డై మూతిని కొద్దిగా, బుల్లెట్ కూర్చునేంత మాత్రమే విప్పుతుంది. ఎక్కువ విప్పితే ఇత్తడి త్వరగా చీలుతుంది. ఇత్తడి సాగదీసిన కొద్దీ గట్టిపడి పెళుసవుతుందని బిందెలు కొట్టే కంచరిని అడిగితే చెబుతాడు.

3. ప్రైమర్

కళ్లద్దాలు పెట్టుకున్నాకే డబ్బా తెరవండి. ప్రైమర్ కేసు అడుగుకు సమానంగా, ఇంకా చెప్పాలంటే వెంట్రుకవాసి లోపలికి కూర్చోవాలి. వేలితో తడిమితే తెలుస్తుంది. బయటికి పొడుచుకొస్తే రివాల్వర్ సిలిండర్ తిరగడానికి మొరాయిస్తుంది. తలకిందులుగా ఎక్కిన ప్రైమర్‌ని సుత్తితో కొట్టి తీసే ప్రయత్నం ఎన్నడూ చేయకండి.

4. మందు

అసలు టెన్షన్ అంతా ఇక్కడే. మందు కొట్టి మందు జోలికి పోవద్దని రీలోడింగ్ చేసే మనవాళ్ల జోకు. జోకే గానీ రూలు కూడా. టీవీ, ఫోను, కబుర్లు కట్టేయాలి. బల్ల మీద ఒకే ఒక్క మందు డబ్బా ఉండాలి. రెండు డబ్బాలుంటే మిగిలిన మందు ఏదో రోజు తప్పుడు డబ్బాలో పడుతుంది. చూడటానికి చాలా మందులు ఒకేలా ఉంటాయి, కాలే వేగం మాత్రం వేరు.

తూకం గ్రెయిన్లలో ఉంటుంది. 7000 గ్రెయిన్లు ఒక పౌండు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, కంసాలి గురివింద గింజ బరువులో సగానికి కాస్త ఎక్కువ. అందులో పదో వంతు తేడా కూడా లెక్కే. ఫ్యాను గాలి చాలు త్రాసు అబద్ధం చెప్పడానికి. బరువు ముందే తెలిసిన చెక్ వెయిట్‌తో త్రాసును సరిచూసుకుని మొదలుపెట్టండి. మాన్యువల్‌లో కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంటాయి. కనిష్ఠంతో మొదలుపెట్టాలి. బుల్లెట్ బరువే కాదు, రకం కూడా మాన్యువల్‌లో ఉన్నదే అయ్యుండాలి.

.38 స్పెషల్‌లో ఒక చిక్కుంది. పాతకాలపు నల్లటి తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) రోజుల్లో పుట్టిన కేసు కాబట్టి లోపల చోటు ఎక్కువ. నేటి మందు అడుగున కొంచెమే ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు. అలా పోసిన తూటా తుపాకీని పేల్చేయగలదు. అసలు పోయకపోతే ఇంకో ప్రమాదం. ప్రైమర్ దెబ్బకే బుల్లెట్ తుపాకీ గొట్టం మధ్యదాకా వెళ్లి ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి కాల్చితే గొట్టం చీలుతుంది.

అందుకే బుల్లెట్ పెట్టే ముందు బ్లాకులో ఉన్న 50 కేసుల్లోకీ టార్చి వేసి చూడాలి. అన్నిట్లో మట్టం ఒకేలా ఉండాలి. ఒకసారి మధ్యలో ఫోను మోగితే లేచి వెళ్లాను. తిరిగొచ్చాక ఏ వరుస దాకా పోశానో గుర్తు లేదు. అప్పటికే కొన్నిటికి బుల్లెట్లు బిగించేశాను. టార్చి వేసి చూద్దామంటే ఆ లోపల కనపడదు కదా. బిగించిన బుల్లెట్లను లాగే పుల్లర్‌తో అన్నీ ఊడదీసి, ఆ మధ్యాహ్నమంతా మళ్లీ మొదట్నుంచి చేశాను. పుల్లర్ కూడా మొదటి రోజే కొనుక్కోండి.

5. బుల్లెట్ బిగించడం

మూడో డైతో బుల్లెట్‌ని లోపలికి నెట్టి మూతిని నొక్కాలి. మొత్తం పొడవు మాన్యువల్ చెప్పినంతే ఉండాలి, .38కి 1.550 అంగుళాలు దాటకూడదు. మరీ లోతుగా దిగితే ఒత్తిడి పెరుగుతుంది. మొదటిది కొలిచి డై బిగించండి, ఆ తర్వాత ప్రతి పదింటికీ ఒకసారి కొలవండి.

పెట్టె మీద తేదీ, మందు పేరు, తూకం, బుల్లెట్, ప్రైమర్ రాసి పెట్టండి. రాయని పెట్టె దొరికితే ఊడదీయడమే.

నిలవ

మందును దాని అసలు డబ్బాలోనే, ప్రైమర్లను వాటి పెట్టెల్లోనే, పిల్లలకు అందకుండా తాళం వేసి, గీజర్‌కూ పొయ్యికీ దూరంగా ఉంచండి. ఒలికిన మందును వాక్యూమ్ క్లీనర్‌తో లాగొద్దు, బ్రష్షుతో ఎత్తండి. ఒక ఇంట్లో ఎంత దాచొచ్చో మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ చెబుతుంది.

మొదటి కాల్పు

ఐదంటే ఐదే తీసుకెళ్లండి. ఒకటి కాల్చాక కాగితం మీద చిల్లు పడిందో లేదో చూసి రెండోది. టప్‌మని నీరసంగా చప్పుడొస్తే, లేదా చిల్లు కనపడకపోతే, అక్కడితో ఆపండి. తుపాకీ ఖాళీ చేసి గొట్టం తనిఖీ చేయించండి. ఖాళీ కేసు సిలిండర్‌లోంచి కష్టంగా వస్తే, ప్రైమర్ అప్పడంలా చదునుగా అణిగిపోతే ఒత్తిడి ఎక్కువైనట్టు. మిగతావాటన్నిటినీ కాల్చకుండా పుల్లర్‌తో ఊడదీయండి.