పాత లాప్‌టాప్‌కు బయటి గ్రాఫిక్స్ కార్డు: నేను బిగించిన తీరు

నేను హన్మకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నా లాప్‌టాప్‌లో 8వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, లోపలున్న ఇంటెల్ యూహెచ్‌డీ 620తోనే బండి లాక్కొచ్చాను. కెమెరావాళ్లు 4కేకి మారాక కష్టం మొదలైంది. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తలంబ్రాల క్లిప్పు మీద నాలుగు నోడ్లు (ఒక్కోటి ఒక్కో కలర్ మార్పు) వేసి ప్లే నొక్కితే బియ్యం గింజలు గాల్లోనే ఆగిపోయేవి. కాసేపటికి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) మెమరీ నిండిందని మెసేజ్ వచ్చేది. "డెస్క్‌టాప్ కొనరాదు బావా" అన్నాడు మా బామ్మర్ది. వాడు చెప్పింది నిజమే, డబ్బులుంటే అదే మేలు. కానీ లాప్‌టాప్ నాకు ఫంక్షన్ హాల్లోనూ కావాలి, రెండూ మెయింటైన్ చేసే స్తోమత అప్పట్లో లేదు. అందుకే కార్డును బయట పెట్టి కేబుల్‌తో కలిపాను.

చాలామంది ముందు కార్డు కొంటారు, తర్వాత ఎక్కడ గుచ్చాలా అని వెతుకుతారు. ముందు లాప్‌టాప్‌లో దారి ఉందో లేదో చూడాలి. కార్డు మాట్లాడే భాష పీసీఐ ఎక్స్‌ప్రెస్. అది బయటికి వచ్చే చోట్లు మామూలు లాప్‌టాప్‌లో రెండే.

మొదటిది థండర్‌బోల్ట్ పోర్టు. చూడ్డానికి టైప్-సి లాగే ఉంటుంది, పక్కన చిన్న మెరుపు గుర్తు ఉంటుంది. టైప్-సి కనిపించింది కదా అని సంబరపడకండి. ఉత్తి యూఎస్‌బీ 10 జీబీపీఎస్ పోర్టుకు ఈ కార్డులు నడవవు. మానిటర్‌కు బొమ్మ ఇచ్చే టైప్-సి అయినా సరే, థండర్‌బోల్ట్ కాకపోతే లాభం లేదు. యూఎస్‌బీ4 పోర్టుల్లో కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు, మీ మోడల్ స్పెసిఫికేషన్ చూసి తేల్చుకోవాలి. థండర్‌బోల్ట్ ఉన్నవాళ్ల పని సుఖం: ఎన్‌క్లోజర్ డబ్బా కొని, కార్డు అందులో గుచ్చి, 40 జీబీపీఎస్ కేబుల్ పెట్టి, స్క్రీన్ మీద అడిగినప్పుడు అనుమతి ఇస్తే సరి. కేబుల్ మాత్రం డబ్బాతో వచ్చినదే వాడండి, ఫోన్ ఛార్జింగ్ కేబుల్ పనికిరాదు. యాపిల్ వాళ్ల ఎం1, ఎం2 రకం మ్యాక్‌బుక్‌లకు థండర్‌బోల్ట్ ఉన్నా, మ్యాక్ ఓఎస్‌లో తెరకు బొమ్మ ఇచ్చే కార్డుగా ఇది నడవదు. ఆ ఆశ పెట్టుకోకండి.

నా లాప్‌టాప్‌కు మెరుపు గుర్తు లేదు. అందుకని రెండో దారి పట్టాను: లోపల ఎస్‌ఎస్‌డీ కూర్చునే ఎం.2 స్లాట్. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి అందే నాలుగు పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లే (డేటా నడిచే దారులు) మన కార్డుకూ అందుతాయి. స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అందని సాటా రకమైతే మాత్రం కథ అక్కడితో ముగిసింది. విప్పకుండా తెలుసుకోవాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న చోట చూడండి. నాకు అక్కడ "పీసీఐఈ 3.0 ఎక్స్4" అని రెండుసార్లు కనిపించింది: ఒకటి ఇప్పుడు నడుస్తున్నది, రెండోది ఎస్‌ఎస్‌డీకి చేతనైనది. ఎక్స్4 అంటే నాలుగు లేన్లు. మొదటిది ఎక్స్2 అని ఉంటే కార్డు నడుస్తుంది గానీ దారి సగమే.

నాలుగు లేన్లు సరిపోతాయా అని నాకూ అనుమానం వచ్చింది. డెస్క్‌టాప్‌లో 16 ఉంటాయి కదా. లెక్క వేసుకున్నాను. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0లో నాలుగు లేన్లంటే సెకనుకు దాదాపు 4 జీబీ. 4కే ఫ్రేమ్ ఒకటి 3840 ఇంటూ 2160 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే 33 ఎంబీ. సెకనుకు 25 ఫ్రేములైతే సుమారు 830 ఎంబీ. ఒకసారి కార్డు మెమరీలోకి వెళ్లాక కలర్, బ్లర్ అన్నీ అక్కడే జరుగుతాయి, దారి మీద బరువు పడదు. ఎడిటింగ్‌కు ఈ సందు చాలు. గేములు ఆడేవాళ్లకు మాత్రం డెస్క్‌టాప్ కన్నా తేడా బాగానే తెలుస్తుంది. ఇంకో మాట, థండర్‌బోల్ట్ 3 అంటే 40 గిగాబిట్లు అని రాస్తారు గానీ అందులో కార్డుకు దక్కేది 32 లోపే, అంటే 4 జీబీ లోపే (8 గిగాబిట్లు ఒక జీబీ), చేతికొచ్చేది ఇంకా తక్కువ. కాబట్టి ఈ మోటు పద్ధతి దానికేమీ తీసిపోదు.

విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ ఆ స్లాట్‌లోనే ఉంది. దాన్ని ఖాళీ చేయాలి. నా లాప్‌టాప్‌లో 2.5 అంగుళాల సాటా డ్రైవ్‌కు వేరే చోటు ఉంది కాబట్టి బతికిపోయాను. ఒక సాటా ఎస్‌ఎస్‌డీ కొని, విండోస్‌ను క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు నకలు తీసి) అందులోకి మార్చాను. వేగం సెకనుకు 500 ఎంబీ చిల్లరకు పడిపోయింది, నిజం దాచను. మార్చే ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. లేకపోతే లాప్‌టాప్ ఆన్ చేయగానే 48 అంకెల కీ అడిగి కూర్చుంటుంది.

కార్డు కోసం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లాను. సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది అడిగాను. వేగం కన్నా నాకు మెమరీ ముఖ్యం. పైగా అది 170 వాట్లతో సరిపెట్టుకుంటుంది, ఒకే 8 పిన్ పవర్ కనెక్టర్. "అన్నా, క్రిప్టో మైనింగ్‌ల వాడింది కాదు కదా?" అన్నాను. "అందరూ కాదనే చెప్తరు భాయ్, నువ్వే చెక్ చేసుకో" అన్నాడు షాపతను. ఆ నిజాయితీ నచ్చింది. వాళ్ల డెస్క్‌టాప్‌లోనే పెట్టించి కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచాను. పాత చిప్పుకు కొత్త పేరు పెట్టి అమ్మే కార్డులుంటాయి, వాటి పేరు ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఫేక్ అని చూపిస్తుంది. తర్వాత కార్డు మీద పూర్తి బరువు పెట్టే ఫర్‌మార్క్ పది నిమిషాలు నడిపి ఫ్యాన్ చప్పుడు విన్నాను, వెనకున్న హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టులన్నీ మానిటర్‌కు పెట్టి చూశాను. ఇంటికి తెచ్చాక ఒక పోర్టు పనిచేయట్లేదని మళ్లీ రైలెక్కలేం కదా.

ఇక అడాప్టర్. ఒక చివర ఎస్‌ఎస్‌డీ ఆకారంలో ఎం.2 పట్టీ, మధ్యలో రిబ్బన్ కేబుల్, రెండో చివర కార్డు గుచ్చే పొడవాటి స్లాట్ ఉన్న బోర్డు. నేను ఆన్‌లైన్‌లో చవకది తెప్పించి చెయ్యి కాల్చుకున్నాను. ఆ బోర్డుతో పాటు సాటా పవర్ ప్లగ్గును 8 పిన్‌గా మార్చే చిన్న వైరు ఇచ్చారు. పని సులువవుతుంది కదా అని అదే కార్డుకు పెట్టాను. మొదటి ఎక్స్‌పోర్ట్ ఇరవై నిమిషాలు నడిచిందో లేదో, గదిలో ప్లాస్టిక్ మాడిన వాసన. తీసి చూస్తే నల్లటి ప్లగ్గు ఒక మూల మెత్తబడి పసుపు వైరు పక్కన గోధుమ రంగుకు తిరిగింది. తర్వాత లెక్క చూసుకుంటే సిగ్గేసింది: సాటా ప్లగ్గు 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లు, 8 పిన్ అడిగేది 150 దాకా. ఆ మార్పిడి వైరు ఎవరిచ్చినా చెత్తబుట్టలో వేయండి. 24 పిన్‌ల మామూలు పవర్ సప్లై పెట్టుకోగలిగే బోర్డే కొనండి, కార్డు 8 పిన్‌కు పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే పీసీఐఈ వైరే పెట్టండి. నేను తర్వాత 450 వాట్లది మంచి కంపెనీది తీసుకున్నాను.

బిగించే పని అరగంట. లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, కింది మూత విప్పండి. వేరే దేన్నీ ముట్టుకోకముందే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఎస్‌ఎస్‌డీ స్క్రూ బియ్యం గింజంత ఉంటుంది, నేను దాన్ని మందుబిళ్లల స్ట్రిప్ ఖాళీ గుంటలో వేసి పెట్టాను. పాత ఎస్‌ఎస్‌డీ తీసి, అడాప్టర్ పట్టీని కాస్త ఏటవాలుగా దూర్చి, అదిమి, అదే స్క్రూ వేయండి. రిబ్బన్‌ను పదునుగా మడవకండి, మెల్లగా వంపు తిప్పండి. నాకు మూత పూర్తిగా మూసుకోలేదు. అంచు దగ్గర వేలెడంత మేర ఆకురాయితో అరగదీసి సందు చేశాను. కార్డును బోర్డులో గుచ్చాక బరువుకు వాలిపోకుండా కింద ఏదైనా ఆధారం పెట్టాలి. నా దగ్గర ఇప్పటికీ పాత పెళ్లి ఆల్బమ్ డబ్బానే ఆ పని చేస్తోంది.

ఆన్ చేసే వరుస తప్పకూడదు. ముందు పవర్ సప్లై స్విచ్, తర్వాత లాప్‌టాప్. ఆపేటప్పుడు ముందు లాప్‌టాప్ పూర్తిగా ఆగాలి, ఆ తర్వాతే పవర్ సప్లై. నడుస్తుండగా కేబుల్ పీకడం, గుచ్చడం చేయకూడదు. థండర్‌బోల్ట్ డబ్బాకు ఆ వెసులుబాటు ఉంది గానీ ఈ ఎం.2 దారికి లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, మర్నాడు కార్డు కనబడక తల పట్టుకుంటారు. స్లీప్ కూడా ఆపేశాను. పవర్ ఆప్షన్లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేశాక మధ్యలో హ్యాంగ్ అవడం తగ్గింది.

మొదటిసారి డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనబడితే సగం గెలిచినట్టే. ఎన్‌విడియా సైట్ నుంచి మీ కార్డు పేరుతో స్టూడియో డ్రైవర్ దించుకుని వేయండి. పసుపు త్రికోణం పక్కన కోడ్ 43 వస్తే ముందు కేబుల్ తీసి మళ్లీ కూర్చోబెట్టండి, పోకపోతే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో డ్రైవర్ తుడిచి కొత్తగా వేయండి. కోడ్ 12 వస్తే విండోస్‌కు ఆ కార్డుకు ఇచ్చే అడ్రస్ చోటు చాలలేదని అర్థం, బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వాడని పరికరాలు ఆపి చూడాలి, అది కొంచెం మొండి జబ్బు.

జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఎక్స్4 1.1 అని ఉంది! ఇంత కష్టపడి పాత వేగమా అనుకున్నాను. పని లేనప్పుడు కార్డు కరెంటు ఆదా చేసుకోవడానికి కిందికి దిగుతుందట. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి చిన్న టెస్ట్ నడిపితే ఎక్స్4 3.0కి ఎక్కింది. మీ లాప్‌టాప్ 4.0 తరానిదైతే ఈ రిబ్బన్లు అంత వేగాన్ని తట్టుకోక తప్పులు వస్తుంటాయి. బయోస్‌లో వీలుంటే 3.0కి తగ్గించండి.

మానిటర్ వైరు కార్డు వెనకాలే పెట్టాలి. లాప్‌టాప్ తెర మీదే చూస్తే గీసిన ప్రతి బొమ్మా అదే సందులోంచి వెనక్కి రావాలి, ఆ మేరకు వేగం తగ్గుతుంది. రిజాల్వ్‌లో ప్రిఫరెన్సెస్, మెమరీ అండ్ జీపీయూలోకి వెళ్లి ఆటో టిక్ తీసేసి, కుడా (CUDA, ఎన్‌విడియా కార్డుతో లెక్కలు చేయించే పద్ధతి) ఎంచుకుని, 3060కి టిక్ పెట్టండి. ఉచిత వెర్షన్‌కు ఒక్క కార్డే చాలు. ఆ రోజు తలంబ్రాల క్లిప్పు మళ్లీ ప్లే చేశాను. గింజలు కింద పడ్డాయి.

కరెంటు సంగతి ఎవరూ చెప్పరు. ఎండాకాలం ఒక సాయంత్రం కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద బాగానే ఉంది, బయటున్న కార్డు ప్రాణం పోయింది. మానిటర్ నల్లబడి, లాప్‌టాప్ బిగుసుకుపోయి, గంటసేపటి కట్టింగ్ పోయింది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఇప్పుడు పవర్ సప్లై, మానిటర్ రెండూ యూపీఎస్ మీద ఉన్నాయి. 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లు ఇస్తాయి, కార్డు 170, మానిటర్ 30, సేవ్ చేసి ఆపుకునేంత టైమ్ దొరుకుతుంది. పవర్ సప్లై, లాప్‌టాప్ ఛార్జర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి, ఆ బోర్డుకు ఎర్తింగ్ ఉండాలి. మా పాత అద్దె ఇంట్లో ఎర్తింగ్ లేక కార్డు వెనక ఇనుము తగిలితే చెయ్యి జిల్లుమనేది.

ఫంక్షన్ హాలుకు వెళ్లాల్సి వస్తే కార్డును బోర్డు నుంచి ఊడదీసి, ఆ బోర్డును రిబ్బన్‌తో సహా మెల్లగా చుట్టి, లాప్‌టాప్‌తో పాటే సంచిలో పెట్టుకుంటాను. విండోస్ సాటా డ్రైవ్‌లో ఉంది కాబట్టి కార్డు లేకున్నా ఇంటెల్‌తో ఆన్ అవుతుంది. మోసుకుపోవడం మాత్రం చిరాకే. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు ఎం.2 నుంచి ఆక్యులింక్ (పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను కేబుల్‌తో బయటికి తెచ్చేది) సాకెట్ వచ్చే రకం తీసుకోండి, షట్‌డౌన్ చేశాక కేబుల్ లాప్‌టాప్ దగ్గరే ఊడొస్తుంది. నాది అయిపోయింది, దీని ప్రాణం పోయేదాకా ఇదే.