ఎంజీబీ డ్యాష్‌బోర్డ్‌కి ముడతల పెయింట్: సమస్యలు, పరిష్కారాలు

1962లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ తొలి మోడళ్లలో డ్యాష్‌బోర్డ్ ఇనుప రేకుది, దానిమీద నల్లటి ముడతల పెయింట్. ఇప్పుడు ఆ రేకును మళ్లీ కొత్తగా చేయాలంటే రింకిల్ పెయింట్ (ముడతల పెయింట్‌కి ఇంగ్లిష్ పేరు) స్ప్రే డబ్బా చాలు. అయితే ఈ పెయింట్ తీరే వేరు. పైపొర ముందు ఆరి, కింద ఇంకా పచ్చిగా ఉన్న పెయింట్ మీద ఉబ్బి ముడుచుకుంటుంది. అందుకే చాలా ఫిర్యాదులకు మూలం రెండే: మందం, వేడి.

ముడతలే రాలేదు
పల్చగా కొట్టారన్నమాట. మామూలు పెయింట్‌కి అది మంచి అలవాటే, ఇక్కడ మాత్రం అదే దెబ్బ కొడుతుంది. రేకును బల్లమీద పడుకోబెట్టి (నిలబెడితే కారుతుంది) మూడు తడి కోట్లు వేయండి: ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఒకటి ఐమూలగా. మధ్యలో ఐదు నిమిషాలు చాలు, డబ్బామీద వేరే సమయం ఉంటే అదే పాటించండి. చల్లని షెడ్డులో ఎంత మందంగా కొట్టినా ముడత లేవడం కష్టం. హెయిర్ డ్రయర్ గానీ హీట్ గన్ గానీ దూరంగా పట్టుకుని ఆడిస్తూ ఉంటే కాసేపట్లో మెరుపు తగ్గి, సన్నటి గీతలు పాకుతూ కనిపిస్తాయి. ఇప్పటికే పల్చగా ఆరిపోయి ఉంటే, పూర్తిగా గట్టిపడ్డాక వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది మళ్లీ మొదలుపెట్టాలి.

ఒకచోట లావు ముడత, ఒకచోట సన్నం
మందం ఎక్కువైతే ముడత పెద్దదవుతుంది. మీటర్ల రంధ్రాల అంచుల దగ్గర పెయింట్ తక్కువ పడుతుంది కాబట్టి ముందు అక్కడ కొట్టి, తర్వాత మొత్తం కవర్ చేయండి. గ్లోవ్‌బాక్స్ తలుపును పక్కనే పెట్టి అదే విడతలో కొట్టాలి. రేపు చేద్దాంలే అనుకుంటే రెండూ కలవవు.

చేపకళ్లలాంటి గుంటలు
ఏళ్ల తరబడి పూసిన సిలికాన్ పాలిష్ పని ఇది. రుద్దకముందే గ్రీజ్ రిమూవర్‌తో తుడవాలి. ముందు రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది, ఇక వదలదు.

పెచ్చులుగా ఊడుతోంది
కింద తుప్పో, గరుకు చేయని పాత పెయింటో ఉండిపోయింది. రేకు దాకా గీకి, ప్రైమర్ వేయాల్సిందే. లప్పం పెట్టాల్సిన సొట్టలుంటే అప్పుడే చూసుకోండి. సన్న గీతల్ని ముడతలు దాచేస్తాయి, సొట్టల్ని దాచవు.

మీటర్ తీస్తే పెయింట్ కూడా వచ్చేసింది
తొందరపడ్డారు. చేతికి అంటకపోయినా లోపల కొన్ని రోజులు మెత్తగానే ఉంటుంది. అప్పుడే మీటర్లు బిగిస్తే రింగు అతుక్కుంటుంది. ఊడినచోట టచప్ చేస్తే అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిన్న గీతకైతే సన్న బ్రష్‌తో మెరుపు లేని నలుపు అద్దొచ్చు, అంతకు మించితే మొత్తం మళ్లీ కొట్టడమే.

గాడుల్లో తెల్లగా
క్రీమ్ పాలిష్ ఇరుక్కుంది. మెత్తటి బ్రష్, సబ్బునీళ్లు.