మనుషులు తిరగని కొండనదిలో కయాకింగ్ చేయాలంటే

రోల్ బాగానే వచ్చింది, నాలుగైదు నదులు తిరిగాం, ఇక ఎవరూ పెద్దగా వెళ్లని కొండనది ఒకటి చూద్దాం అనుకునేవాళ్ల కోసం ఇది. రోల్, అంటే బోల్తా పడిన పడవను లోపల కూర్చునే తిప్పుకోవడం, ఇంకా నమ్మకంగా రాకపోతే ముందు ఆ పని చూసుకోండి.

నదుల కష్టాన్ని 1 నుంచి 6 దాకా గ్రేడ్లలో చెబుతారు. అయితే రోడ్డు పక్కన గ్రేడ్ 4 వేరు, రోడ్డుకు రెండు రోజుల నడక దూరంలో గ్రేడ్ 4 వేరు. భుజం జారినా, పడవ కొట్టుకుపోయినా వెంటనే వచ్చి తీసుకెళ్లేవాళ్లుండరు కాబట్టి మీరు హాయిగా చేయగలిగిన దానికన్నా ఒక గ్రేడ్ తక్కువ ఉన్న నదినే ఎంచుకోండి. ముగ్గురికి తక్కువైతే దిగనే వద్దు, ఎందుకంటే ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కనుండాలి, ఇంకొకరు సాయానికి వెళ్లాలి.

మ్యాప్‌ను ఇంట్లోనే తీరిగ్గా చూడండి. నదిని దాటే కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ నీళ్లు బాగా వాలుగా దిగుతున్నట్టు. నదికి రెండు పక్కలా కూడా గీతలు ఒత్తుగా ఉంటే అది ఇరుకు లోయ, లోపలికి వెళ్లాక ఒడ్డెక్కే చోటు దొరక్కపోవచ్చు, కాబట్టి దానికి ముందే ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టుకోండి. మంచు కరిగి పారే నదైతే టైమింగ్ కూడా ముఖ్యమే: పగటి ఎండకు కరిగిన నీళ్లు మధ్యాహ్నం దాటాక వచ్చి పడతాయి. తెల్లవారగానే దిగి మధ్యాహ్నానికల్లా ఆపేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

సామాన్ల సంగతికొస్తే హెల్మెట్, లైఫ్ జాకెట్, ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రై సూట్, విజిల్, నీళ్లలో పడినవాళ్లకు విసిరే తాడున్న త్రో బ్యాగ్ ఎలాగూ ఉంటాయి. మారుమూల నదికి అదనంగా కావాల్సినవి విడదీసి పెట్టుకునే స్పేర్ తెడ్డు, పడవ పగిలితే అతికించడానికి గట్టి టేపు, ఫోన్ సిగ్నల్‌తో పనిలేని శాటిలైట్ మెసెంజర్. పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ కప్పే స్ప్రే స్కర్ట్ బిగించేటప్పుడు ముందున్న లాగుడు పట్టీ బయటే ఉందో లేదో ప్రతిసారీ చేత్తో తడిమి చూసుకోండి. అది లోపల ఇరుక్కుంటే తలకిందులైనప్పుడు బయటపడటం నరకం.

ముందు నది ఉన్నట్టుండి గీత గీసినట్టు ఆగిపోయి, అవతల చెట్ల తలలు మాత్రమే కనిపిస్తోందంటే అక్కడ నీళ్లు ఎత్తు నుంచి పడుతున్నాయని అర్థం. దానికి బాగా పైనే, బండ వెనక నీళ్లు నెమ్మదించే చోట, అంటే ఎడ్డీలో ఆగి, దిగి నడిచి చూడండి. పడిన నీళ్ల కింద నురగ ఎటు పోతోందో గమనించండి. చాలా దూరం నుంచి నురగ వెనక్కి ఎగువకే వస్తుంటే అది మనిషిని పట్టి తిప్పుతుంది. ఒక కర్రముక్క విసిరి చూడండి, అక్కడక్కడే తిరుగుతుంటే ఆ దారి వదిలేయండి. అది బయటికొచ్చినంత మాత్రాన భరోసా ఏమీ లేదు, అనుమానం ఉంటే పడవ భుజానికెత్తుకుని నడవడమే. కొందరికి అదో నామోషీ, ఎందుకో నాకర్థం కాదు.

అలల కన్నా నాకు భయం అడ్డంగా పడిన చెట్లంటేనే. కొమ్మల మధ్య నుంచి నీళ్లు పోతాయి, మనిషి పోడు. అలాంటి చెట్టు వైపు కొట్టుకుపోతుంటే, తప్పించుకునే దారి లేకపోతే, తల ముందుకు పెట్టి దాని మీదికే గట్టిగా ఈది, పైకెక్కేయాలి. పడవ పక్కకు తిరిగి బండకు తగిలితే భయంతో ఎగువకు ఒరగొద్దు, బండ మీదికే వాలండి.

నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు దిగువకు, పాదాలు పైకి పెట్టుకోండి. ప్రవాహంలో నిలబడే ప్రయత్నం వద్దు, రాళ్ల సందులో పాదం ఇరుక్కుందంటే నీళ్లు మనిషిని ముందుకు తోసి ముంచేస్తాయి. చల్లటి నీళ్లకు మొదట ఊపిరి ఎగపోస్తుంది, ఒక నిమిషంలో సర్దుకుంటుంది, ఆలోపు నీళ్లు మింగకుండా చూసుకోండి. తర్వాత కాసేపటికి వేళ్లు పట్టు తప్పుతాయి కాబట్టి అవి పనిచేస్తుండగానే ఒడ్డు వైపు ఈదాలి.

మూడు విజిళ్లు ఆపదకు గుర్తు. తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా ఎత్తితే ఆగమని. చేయి చూపించేటప్పుడు ఎప్పుడూ పోవాల్సిన వైపే చూపించండి, ప్రమాదం ఉన్న వైపు కాదు.

రాత్రి మకాం వేశాక నీటి అంచున ఒక పుల్ల పాతి, పడుకునే ముందు ఇంకోసారి చూడండి. పుల్ల మునిగితే సామాన్లు, గుడారం ఇంకా పైకి మార్చాలి. పడవలు మాత్రం నీళ్లు పెరిగినా పెరగకపోయినా చెట్టుకు కట్టే పడుకోండి.