కయోటీ వేట: ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు

టెక్సస్‌లో శాన్ ఏంజెలో చుట్టుపక్కల గొర్రెలు, మేకలు పెంచేవారికి కయోటీలు (తోడేలు జాతికి దగ్గరి అమెరికా అడవి జంతువులు) పాత బెడద. జనవరి నుంచి మార్చి వరకు ఇవి జతకట్టే కాలం కనుక తోటి కయోటీ అరుపును పోలిన పిలుపులకు సులభంగా దగ్గరికి వస్తాయి. ఈ నెలల్లో రాంచ్ యజమాని అనుమతితో తొలిసారి రైఫిల్ పట్టబోయే మనవాళ్లను ఉద్దేశించి ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవారు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) నిబంధన పాటించాలి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది కాబట్టి, స్నేహితుడి రైఫిల్ ఒక్క పూటకు తీసుకున్నా లైసెన్సు జేబులో ఉండాల్సిందే. ఇండియాలో నక్కను గానీ తోడేలును గానీ వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక్కడి అలవాటును సెలవుల్లో ఊరికి మోసుకెళ్లకూడదు.

ఇక గురి. కయోటీ బరువు సాధారణంగా 20 నుంచి 45 పౌండ్లే అయినా చలికాలపు దట్టమైన బొచ్చు వల్ల అది ఉన్నదానికంటే చాలా పెద్దదిగా కనిపిస్తుంది, కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది అక్కడే. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు రమారమి 4 నుంచి 5 అంగుళాలు, అంటే మన అరచేయంత. వీపు మీది బొచ్చును కూడా ఒళ్లుగా లెక్కించి మధ్యకు గురిపెడితే తూటా పైనుంచి దూసుకుపోవచ్చు; నడుము వైపు జరిగితే కడుపులో తగులుతుంది, ఆ జంతువు ఏ పొదలోకో పారిపోయి గంటల తరబడి బాధపడి చస్తుంది. పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక అంచు వెంబడి చూపును పైకి తీసుకెళ్లి, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దాటిన చోట ఆపాలి. ఏటవాలుగా అవతలికి తిరిగి ఉన్నప్పుడు తూటా ఎక్కడ తగులుతుందన్నది కాదు, అవతలి జబ్బ దగ్గర బయటికి వచ్చేలా దారి ఊహించుకుని గురిపెట్టాలి. ఎదురుగా చూస్తుంటే గొంతు కింద ఛాతీ నడిమధ్యన తప్ప ఇంకెక్కడా కొట్టకూడదు. తల చిన్నది, క్షణం కుదురుగా ఉండదు. తలకు గురిపెట్టడాన్ని నేను నైపుణ్యంగా లెక్కించను. తేలికపాటి వార్మింట్ తూటాలు (చిన్న జంతువుల కోసం చేసినవి) జబ్బ ఎముక మీద పడితే లోపలికి దిగకముందే చితికిపోగలవు కనుక, వాటితో వేటాడేవారు ఎముకను తప్పించి పక్కటెముకల మీదే గురిపెట్టాలి.

దూరం లెక్క కూడా ఇక్కడే పనికొస్తుంది. 100 గజాల దగ్గర గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసిన .223 రెమింగ్టన్ రైఫిల్‌లో 55 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటా 200 గజాల దగ్గర సుమారు 3 అంగుళాలు, 300 దగ్గర దాదాపు అడుగు కిందికి దిగుతుంది. అరచేయంత చోటును తప్పడానికి ఆ మూడంగుళాలే చాలు. పరుగెత్తుతున్న కయోటీని కాల్చాలన్న తొందర వద్దు. నోటితో పొట్టిగా ఒక్కసారి మొరిగినట్టు శబ్దం చేస్తే అది చాలాసార్లు క్షణం ఆగి చూస్తుంది, ఆ క్షణం కోసమే రైఫిల్ ముందే ఊతం మీద ఉండాలి.

మిట్ట అంచున, వెనక ఆకాశం తప్ప ఏమీ లేకుండా నిలబడ్డ కయోటీని ఎంత తేలికగా దొరికినా వదిలేయాలి. తప్పిన తూటా ఆగేందుకు వెనక మట్టి ఉండాలి. రాత్రి థర్మల్ స్కోప్‌లో కనిపించే వేడి ఆకారం మందకు కాపలా ఉన్న గ్రేట్ పిరనీస్ కుక్కదీ కావచ్చు. అది ఏ జంతువో పూర్తిగా తేలేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి.

కాల్చిన తరవాత స్కోప్‌లోంచి కన్ను తీయకుండా వెంటనే రెండో తూటా ఎక్కించుకోవాలి. కొన్ని నిమిషాలు ఆగి, వీపు వైపు నుంచి దగ్గరికి వెళ్లి, పొడవాటి కర్రతో కంటిని తాకి చూడాలి. రెప్ప కదిలితే ప్రాణం ఉన్నట్టే, ఆలస్యం చేయకుండా రెండో గుండుతో ముగించాలి. గజ్జి పట్టినవి తరచుగా కనిపిస్తాయి, రేబిస్ ప్రమాదమూ ఉంది కనుక చేతి తొడుగులు లేకుండా కళేబరాన్ని తాకకూడదు.