బ్రాండు మారితే సైజు ఎందుకు మారుతుంది: రెడీమేడ్ బట్టల కొలతలు పోల్చి చూసుకునే పద్ధతి

పెద్ద బ్రాండ్ల షోరూములు ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి. అయినా జారా, హెచ్ అండ్ ఎం వంటి పేర్లు కావాలనుకునేవారు హైదరాబాద్ మాల్‌కు వెళ్లవలసి వస్తుంది, లేదా ఫోనులో ఆర్డరు పెట్టుకోవలసి వస్తుంది. కొన్న బట్ట ఇంటికొచ్చాక పట్టకపోతే మార్చుకోవడానికి రానుపోను దాదాపు రెండు వందల కిలోమీటర్ల ప్రయాణం, ఒక రోజు పని పోవడం, బస్సు ఛార్జీలు అన్నీ కలిసి ఒక్కోసారి ఆ చొక్కా ధరకు దగ్గరగా వస్తాయి. అందువల్ల సైజును ముందే సరిచూసుకునే పద్ధతి నగరంలో ఉండేవారికంటే మన ప్రాంతం వారికే ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక బ్రాండులో ఎం సరిపోయే మనిషికి మరో బ్రాండులో ఎల్ కావలసి రావడానికి కారణం ఒంటిలో లేదు, లెక్కలో ఉంది. ప్రతి కంపెనీ తన కొనుగోలుదారు ఎలా ఉంటాడో ఊహించుకుని ఒక నమూనా ఒంటిని పెట్టుకుంటుంది. దాని చుట్టూ మొదటి సైజు కత్తిరించి, పైసైజులకు ఇన్ని అంగుళాలు, కింది సైజులకు ఇన్ని అంగుళాలు అని పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. కుర్రకారు కోసం కుట్టే కంపెనీ నమూనా సన్నగా ఉంటుంది, ఆఫీసు బట్టలు కుట్టే కంపెనీ నమూనాకు నడుము దగ్గర కాస్త ఎక్కువ చోటు ఉంటుంది. దీనికి తోడు మన దేశంలో అమ్మే బట్టల సైజు పట్టికలు చాలావరకు అమెరికా, బ్రిటన్, యూరప్ కొలతల నుంచి తెచ్చుకున్నవే. భారతీయుల ఒంటి తీరుకు తగిన పట్టిక కోసమే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ, అంటే నిఫ్ట్, త్రీడీ స్కానర్లతో 25 వేల మందికి పైగా కొలతలు సేకరించే ‘ఇండియా సైజ్’ పనిని తలపెట్టింది. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. అటువంటి ఉమ్మడి పట్టికను దుకాణాలన్నీ పాటించే దాకా ఎస్, ఎం, ఎల్ అనే అక్షరాలు ఆ కంపెనీ గోడల లోపల మాత్రమే చెల్లుతాయి.

కాబట్టి అక్షరాన్ని అక్షరంతో పోల్చడం మానేయాలి. జాకెట్టు కుట్టించేటప్పుడు ఆడవాళ్లు టైలరుకు ఆది జాకెట్టు ఇస్తారు కదా, రెడీమేడ్ బట్టలకు కూడా అలాంటి ఆది ఒకటి ఇంట్లో పెట్టుకోవడమే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి. మీ దగ్గరున్న వాటిలో ఒంటికి సరిగ్గా కూర్చునే చొక్కా ఒకటి, ప్యాంటు ఒకటి, లేదా కుర్తీ ఒకటి ఎంచుకోండి. అవి కనీసం నాలుగైదు సార్లు ఉతికినవై ఉండాలి, సాగిపోయినవి కాకూడదు. ఇక ముందు కొనే ప్రతి బ్రాండునూ ఆ ఆది కొలతలతోనే పోల్చాలి.

ఆది చొక్కాను కొలిచేటప్పుడు బల్ల మీద గానీ నున్నటి నేల మీద గానీ పరచి, గుండీలన్నీ పెట్టి, ముడతలు చేత్తో సరిచేయాలి తప్ప లాగకూడదు. చంక కుట్టు కలిసే చోటికి ఒక అంగుళం కింద, ఈ పక్క కుట్టు నుంచి ఆ పక్క కుట్టు దాకా టేపు అడ్డంగా పట్టి చూస్తే వచ్చేది సగం ఛాతీ. దాన్ని రెట్టింపు చేస్తే చొక్కా ఛాతీ చుట్టుకొలత వస్తుంది. తరువాత చొక్కాను తిరగేసి, వీపు వైపు ఈ భుజం కుట్టు నుంచి ఆ భుజం కుట్టు దాకా కొలవాలి. కాలరు కుట్టు మధ్య నుంచి కింది అంచు దాకా పొడవు, భుజం కుట్టు నుంచి మణికట్టు దాకా చేయి పొడవు కూడా రాసుకోవాలి. వీటిలో భుజం కొలతకే నేను పెద్దపీట వేస్తాను, ఎందుకంటే ఛాతీ, నడుము వదులైతే టైలరు పక్క కుట్లలో సరిచేయగలడు, భుజం జారితే చేతులు విప్పి మళ్లీ కుట్టవలసి వస్తుంది, ఆ ఖర్చుకు ఫలితం అరుదుగానే దక్కుతుంది.

ఆ తరువాత బ్రాండు సైజు పట్టిక తెరవాలి. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. కొన్ని పట్టికల్లో ఇచ్చేది ఒంటి కొలత, అంటే ఇంత ఛాతీ ఉన్న మనిషికి ఈ బట్ట పడుతుందని అర్థం. కొన్నింటిలో ఇచ్చేది కుట్టిన బట్ట కొలత. ఈ రెంటి మధ్య తేడానే టైలర్లు లూజు అంటారు. మామూలు చొక్కాకు అది నాలుగు అంగుళాల చుట్టుపక్కల, ఒంటికి అంటిపెట్టుకునే స్లిమ్ రకానికి రెండు మూడు అంగుళాలు ఉంటుంది. ఉదాహరణకు మీ ఛాతీ 39 అంగుళాలు, ఆది చొక్కా సగం ఛాతీ 21½ అనుకుందాం. చొక్కా మొత్తం 43, అంటే మీకు నచ్చిన లూజు 4 అంగుళాలు. కొత్త బ్రాండు పట్టికలో ఎల్ ఎదురుగా 42 అని ఉంది. అది బట్ట కొలత అయితే మీ ఆది కంటే ఒక్క అంగుళమే తక్కువ, కాస్త బిగుతుగా ఉన్నా వేసుకోవచ్చు. అదే ఒంటి కొలత అయితే ఆ చొక్కా 45, 46 దాకా ఉంటుంది, మీ మీద వేలాడుతుంది. ఒకే అంకెకు ఇంత తేడా ఉన్నప్పుడు, పట్టిక పైన ‘బాడీ’ అని రాసి ఉందా ‘గార్మెంట్’ అని రాసి ఉందా అన్నది చూడకుండా ఆర్డరు పెట్టకూడదు. లేబులు మీద ‘టు ఫిట్’ అని ఉంటే అది ఒంటి కొలతే.

దుకాణంలో విడిగా అమ్మే రెడీమేడ్ దుస్తుల మీద అక్షరంతో పాటు సెంటీమీటర్లలో కొలత కూడా ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఆ అంకెను 2.54తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. వేలాడే పెద్ద ట్యాగులో కనబడకపోతే లోపల పక్క కుట్టులో ఉండే చిన్న లేబులు చూడండి.

ఫార్మల్ చొక్కాల మీద ఉండే 38, 40, 42 అంకెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొన్ని కంపెనీలకు 40 అంటే అంగుళాల్లో ఛాతీ, మరికొన్నింటికి 40 అంటే సెంటీమీటర్లలో కాలరు, అంటే సుమారు 15¾ అంగుళాల మెడ. వరుసలో 39 అనే సైజు కనబడితే అది దాదాపు ఎప్పుడూ కాలరు లెక్కే అనుకోవచ్చు, ఎందుకంటే ఛాతీ సైజులు సాధారణంగా రెండేసి అంగుళాల చొప్పున పెరుగుతాయి. కాలరు లెక్క ఉన్న చోట పై గుండీ పెట్టి మెడకూ బట్టకూ మధ్య రెండు వేళ్లు దూరితే ఆ సైజు సరి.

విదేశీ బ్రాండ్ల ఆడవారి బట్టల మీద బ్రిటన్ 10, అమెరికా 6, యూరప్ 38 అని మూడు అంకెలు ఒకే లేబులు మీద ఉండవచ్చు. సాధారణంగా ఆ మూడూ ఒకే సైజు. మన కుర్తీ మీద 38 అని ఉంటే మాత్రం అది ఎక్కువగా అంగుళాల్లో ఛాతీ. ఈ రెండు 38లకూ సంబంధం లేదు. మగవారి కోటు మీద యూరప్ 50 అంటే ఛాతీ 100 సెంటీమీటర్లు, మన లెక్కలో సుమారు 40 అంగుళాలు.

ఇక ఫిట్ సంగతి. నా పరిశీలనలో, రెండు బ్రాండ్ల మధ్య తేడా కంటే ఒకే బ్రాండులో స్లిమ్‌కూ రెగ్యులర్‌కూ మధ్య తేడా చాలాసార్లు ఎక్కువగా ఉంటుంది. జీన్స్‌లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. లీవైస్‌లో 501 నిటారు కోత, 511 స్లిమ్, 512 స్లిమ్‌తో పాటు కిందికి పోను పోను సన్నబడే కోత. మూడింటి మీదా నడుము 32 అనే ఉన్నా తొడ దగ్గర, మోరీ (కాలి కింది అంచు) దగ్గర మూడూ మూడు రకాలుగా కూర్చుంటాయి. అందువల్ల ఆది ప్యాంటుకు నడుము ఒక్కటే కొలిస్తే చాలదు. రెండు కాళ్ల కుట్లు కలిసే చోటు నుంచి ముందు బెల్టు పట్టీ పై అంచు దాకా, అదే చోటి నుంచి కాలి లోపలి కుట్టు వెంట కింది దాకా, తొడ దగ్గర అడ్డంగా, మోరీ దగ్గర అడ్డంగా కొలవాలి. మొదటి కొలత తక్కువైన ప్యాంటు నడుము కింద తుంటి మీద కూర్చుంటుంది కాబట్టి బొడ్డు దగ్గర కొలిచిన అంకె దానికి పనికిరాదు. మీరు ప్యాంటు ఎక్కడ కట్టుకుంటారో అక్కడే టేపు చుట్టాలి. పొడవు ఎక్కువైతే కత్తిరించుకోవచ్చని అందరూ అంటారు గానీ, కిందికి సన్నబడే ప్యాంటును మూడు అంగుళాలు కత్తిరిస్తే మోరీ వెడల్పయి దాని తీరే మారిపోతుంది. పొట్టివారు అటువంటి కోతను తక్కువ పొడవు సైజులోనే వెతుక్కోవడం మేలు.

కుర్తీల్లో ఛాతీ సరిపోయి చంక పట్టేయడం తరచుగా జరుగుతుంది. పట్టికలో చంక కొలత అరుదుగా ఇస్తారు కాబట్టి ఆది కుర్తీ చంక వంపును టేపుతో కొలిచి ఉంచుకుని, కొత్త దానితో షోరూములోనే పోల్చాలి. నేరుగా కిందికి దిగే కుర్తీలో పక్క చీలిక ఎక్కడ మొదలవుతుందో కూడా చూడాలి. చీలిక తుంటి కంటే కిందికి ఉంటే తుంటి కొలతే సైజును నిర్ణయిస్తుంది, ఛాతీ కాదు. కిందికి పోను పోను వెడల్పయ్యే ఎ లైన్ కోతకు ఆ చింత లేదు.

గుడ్డ కూడా సైజులో భాగమే. సాగే దారమైన లైక్రా కలిసిన బట్ట ఆది కంటే అరంగుళం, ఒక అంగుళం తక్కువున్నా సర్దుకుంటుంది, పూర్తి కాటన్ సర్దుకోదు. ముందే కుదించని కాటన్ ఉతికాక మూడు శాతం తగ్గినా 28 అంగుళాల చొక్కా పొడవులో ముప్పావు అంగుళానికి పైగా పోతుంది. రేయాన్ కుర్తీలు కూడా పొడవు తగ్గుతాయి. పోచంపల్లి ఇక్కత్ వంటి చేనేత కాటన్‌తో కుట్టిన రెడీమేడ్ చొక్కా కొనేటప్పుడు పొడవులో ఒక అంగుళం అదనంగా ఉన్నదాన్నే తీసుకోండి. గుడ్డ కొని కుట్టిస్తే టైలరుకు ఇచ్చే ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. పాలమూరు ఎండలకు వేసుకునే చొక్కాల విషయంలో నా సలహా, లూజు ఒక అంగుళం ఎక్కువే ఉండనివ్వమని.

షోరూముకు టేపు తీసుకెళ్లడానికి మొహమాటపడవద్దు. ఒకే సైజు చొక్కాలు రెండింటిని పక్కపక్కన పెట్టి కొలిస్తే అరంగుళం అటూ ఇటూ ఉండటం కుట్టుపనిలో మామూలే, కాబట్టి మీరు డబ్బు కట్టబోయే ఆ ఒక్క చొక్కానే కొలవాలి. ట్రయల్ రూములో నిలబడి అద్దం చూసుకుంటే సరిపోదు. బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచి వీపు పట్టేస్తుందేమో, కూర్చుంటే ప్యాంటు సీటు దగ్గర లాగుతుందేమో చూడాలి. రెండు సైజుల మధ్య తేల్చుకోలేకపోతే భుజం సరిపోయినదాన్ని తీసుకుని నడుము ఆల్టరేషన్ చేయించుకోండి. వదులు చేయించాలనుకుంటే మాత్రం ముందు బట్టను తిరగేసి లోపల మార్జిన్ ఎంత ఉందో చూడాలి; ఓవర్‌లాక్ చేసి (అంచు పోగులు ఊడకుండా మెషీనుతో చుట్టి కుట్టి) అంచు దాకా కోసేసిన కుట్టులో విప్పడానికి ఏమీ మిగలదు.

పిల్లల బట్టలకు వయసును నమ్మవద్దు. యూరప్ లెక్కలో 110 అంటే ఆ బట్ట 110 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు అని అర్థం. పక్కనే నాలుగైదేళ్లు అని రాసినా, బిడ్డను గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి ఆ అంకెతోనే కొనాలి.

కొన్న ప్రతిదాని బ్రాండు, ఫిట్ పేరు, సైజు, ఛాతీ, భుజం, పొడవు ఫోనులో ఒకచోట రాసుకోండి. రెండు ఉతుకుల తరువాత మళ్లీ కొలిచి, ఆ అంకెను మొదటి అంకె పక్కన చేర్చండి. అదే బ్రాండులో అదే రకం గుడ్డతో మళ్లీ కొనేటప్పుడు ఈ రెండింటి మధ్య తేడాను ముందే కలుపుకుని సైజు ఎంచుకోవచ్చు.