బడి పిల్లల్ని విదేశీ సాంస్కృతిక మార్పిడికి తీసుకెళ్లడం ఎలా

ఈ పనికి ఏడాది వ్యవధి పెట్టుకోండి. పది నెలలైనా నెట్టుకురావచ్చు గానీ ఆరు నెలలంటే ఉరుకులు పరుగులే. టికెట్ల జోలికి పోకముందే అవతలి బడితో అన్నీ కాగితం మీద తేల్చుకోవాలి. పిల్లల వయసెంత, ఎన్ని రాత్రులు ఇళ్లలో ఉంటారు, ఎన్ని రోజులు తరగతుల్లో కూర్చుంటారు, అక్కడి బస్సులకూ భోజనాలకూ డబ్బు ఎవరు పెట్టుకోవాలి, వాళ్ల పిల్లలు మన దగ్గరికి ఎప్పుడు వస్తారు. ఇవన్నీ రెండు పేజీల్లో రాసి ఇద్దరు ప్రధానోపాధ్యాయులూ సంతకాలు చేయాలి. ఉత్తర ప్రత్యుత్తరాల్లో ప్రతి బడి నుంచీ ఇద్దరేసి టీచర్లు ఉండాలి. ఒక్కరి మీదే నడిచే ఏర్పాటు, ఆ ఒక్కరికి బదిలీ అయిన నాడే ఆగిపోతుంది.

ఇరవై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు చాలని లెక్కలో అనిపిస్తుంది. చాలరు. ఒక పిల్లవాడిని ఆసుపత్రిలో చేర్పిస్తే ఒక టీచరు అక్కడే ఉండాలి, మిగతా పంతొమ్మిది మందితో రెండో టీచరు ఒంటరిగా మిగులుతారు. అందుకే ముగ్గురు, ఆడా మగా ఇద్దరూ ఉండేలా. చిన్న తరగతుల పిల్లలైతే నలుగురు.

కాగితాల దగ్గర

ముందుగా అందరి పాస్‌పోర్టులూ తెప్పించి గడువు తేదీలు చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా ఆరు నెలలు గడువుంటే దాదాపు ఎక్కడికైనా చెల్లుతుంది. షెంజెన్ దేశాలకు, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలకు, అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత మూడు నెలలు చాలు. కానీ పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. చాలా దేశాల్లో పిల్లల పాస్‌పోర్టు గడువు పెద్దవాళ్లకంటే తక్కువ కాబట్టి, ప్రతి బృందంలోనూ గడువు చాలని పాస్‌పోర్టులు ఒకటి రెండు ఇక్కడే బయటపడతాయి.

షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరు గడువు ప్రయాణానికి 15 రోజుల ముందు. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, ఏదైనా అనుమానం వస్తే 45 రోజుల దాకా పోవచ్చు. కాబట్టి మూడు నెలల ముందే వేయండి. చదువు నిమిత్తం వెళ్లే బడి పిల్లలకూ వెంట వెళ్లే టీచర్లకూ ఆ వీసా రుసుము మినహాయింపు ఉందని చాలామందికి తెలియదు. ఆహ్వాన పత్రంలో పర్యటన అని కాకుండా విద్యా కార్యక్రమమని, తేదీలతో సహా స్పష్టంగా ఉండాలి. దరఖాస్తులు తీసుకునే కేంద్రం వసూలు చేసే సేవా రుసుము మాత్రం వేరే లెక్క.

తల్లిదండ్రుల అనుమతి పత్రంలో ఇద్దరి సంతకాలూ ఉండాలి, నోటరీ చేయించాలి. ఎక్కువగా తేడా వచ్చేది విడిపోయిన కుటుంబాల దగ్గరే. ఒకరు సంతకం పెట్టనంటే, పిల్లల సంరక్షణ ఎవరిదో చెప్పే కోర్టు ఉత్తర్వు కావాలి, దానికి నెలలు పడుతుంది. ఆ సంగతి మొదటి సమావేశం తర్వాత ఆ ఇంటివాళ్లతో విడిగా మాట్లాడాలి, నలుగురిలో అడగకూడదు. అదే పత్రంలో అత్యవసర వైద్యానికి సమ్మతి, ఫొటోలకు సమ్మతి వేర్వేరుగా రాయించుకోండి. ఫొటోలు వద్దన్నవాళ్లు వైద్యానికి కూడా వద్దన్నట్టు కాకూడదు కదా.

టికెట్లు విమానయాన సంస్థ గ్రూప్ విభాగం ద్వారా తీసుకోండి. సాధారణంగా పదిమందికి పైబడితే గ్రూపు కింద లెక్క. అడ్వాన్సు కట్టి, పేర్లు తర్వాత ఇవ్వొచ్చు. పేర్లు హాజరు పట్టీ చూసి కాక పాస్‌పోర్టు చూసి టైపు చేయాలి. బడి రికార్డులో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉండొచ్చు, అక్కడే చిక్కు. ఎవరికైనా వీసా రాకపోతే ఎంత వాపసు వస్తుందో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకుని తల్లిదండ్రులకు చూపించండి. మొత్తం బడ్జెట్ మీద పదిశాతం విడిగా ఉంచాలి.

మందులు, బీమా

ఇంట్లో మామూలుగా వేసుకునే మందు అవతలి దేశంలో నిషిద్ధం కావచ్చు. ఏకాగ్రత లోపానికి వాడే యాంఫెటమిన్ మందుల్ని డాక్టరు చీటీ ఉన్నా జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించిన జలుబు మందులూ అంతే. కోడైన్ ఉన్న మందులకు యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి. మందుల పట్టిక మూడు నెలల ముందే తెప్పించి, రాయబార కార్యాలయం వెబ్‌సైటుతో ఒక్కొక్కటీ సరిచూడండి. మందులు అసలు పెట్టెల్లోనే, చీటీతో సహా, చేతి సంచిలోనే ఉండాలి. పసుపు జ్వరం టీకా అవసరమైన దేశమైతే, సర్టిఫికెట్ టీకా వేసిన పది రోజుల తర్వాతే చెల్లుబాటవుతుంది.

షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేరే దేశానికైనా అంతకు తక్కువ తీసుకోవద్దు. పాత జబ్బులు, ఉబ్బసం వంటివి వర్తిస్తాయో లేదో, పిల్లవాడు ఆసుపత్రిలో ఉంటే టీచరు అదనంగా ఆగే ఖర్చు, తల్లో తండ్రో వచ్చే విమాన ఖర్చు ఇస్తారో లేదో చదవండి. చౌక పాలసీల్లో ఈ చివరి రెండూ ఉండవు.

ఆతిథ్య ఇళ్లు

మార్పిడి నిజంగా జరిగేది ఇక్కడే. హోటల్లో పెడితే అది విహారయాత్ర అవుతుంది. ఒకే ఊళ్లో కనీసం ఐదు రాత్రులు ఉంచండి. మూడు ఊళ్లు మూడేసి రాత్రులు తిప్పితే పిల్లలకు బస్సు కిటికీ తప్ప ఏమీ గుర్తుండదు.

ఇళ్లు కుదర్చడానికి ఫారాలు రెండు వైపులా నింపాలి. పిల్లల ఫారంలో అలర్జీలు, తినకూడనివి, నిద్రలో నడిచే అలవాటు, పక్క తడపడం లాంటి చెప్పుకోలేని సంగతులకు కూడా చోటుండాలి. అవి టీచరు ఒక్కరే చూస్తారని రాయండి, లేకపోతే ఎవరూ నింపరు. కుటుంబం ఫారంలో ఇంట్లో ఉండే ప్రతి పెద్దమనిషి పేరు, పెంపుడు జంతువులు, పొగతాగే అలవాటు, విడి మంచం ఉందా లేదా అన్నది. పెద్దవాళ్లందరి నేపథ్య తనిఖీ ఆ దేశంలో ఏ పద్ధతిలో జరుగుతుందో అవతలి బడిని అడగండి, పూర్తయిందని రాసిమ్మనండి. ప్రతి పదిళ్లకు ఒకటి అదనంగా సిద్ధంగా ఉండాలి.

పధ్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటికి ఇద్దరిని, ఆ పైవాళ్లను ఒక్కొక్కరిని పంపడం మా సలహా. జంటగా ఉంటే ధైర్యమే గానీ సొంత భాషలోనే మాట్లాడుకుంటూ గడిపేస్తారు.

ఇంటి మీద బెంగ చాలామందికి రెండో మూడో రాత్రి పుడుతుంది. రాత్రి పూట అమ్మతో ఫోను మాట్లాడితే అది తగ్గకపోగా పెరుగుతుంది. ఇంటికి ఫోన్లు పగటి వేళ, పది నిమిషాలని ముందే అనుకోండి. బెంగ వేరు, భయం వేరు. భయాన్ని పట్టుకోవడానికి ఒక సంకేత వాక్యం పెట్టుకోండి: "నా నీలం పుస్తకం మీ దగ్గరుందా?" లాంటిది. రెండో సాయంత్రం టీచరు ప్రతి పిల్లవాడికీ ఫోను చేస్తారు. ఆ వాక్యం వినబడితే అదే రాత్రి వెళ్లి తీసుకురావాలి, కారణాలు మర్నాడు మాట్లాడుకోవచ్చు.

కలిసి చేసే పని, ప్రదర్శన

రెండు బడుల పిల్లలు కలిసి ఒక వస్తువు తయారుచేయాలి: గోడపత్రిక, చిన్న నాటిక, రెండు భాషల నిఘంటువు, ఏదైనా సరే. పని మూడు నెలల ముందు వీడియో కాల్స్‌తో మొదలవ్వాలి. కాల్స్‌లో ఒక తిరకాసు ఉంది. యూరప్‌లో గడియారాల్ని మార్చి, అక్టోబరు ఆఖరి ఆదివారాల్లో ఒక గంట ముందుకో వెనక్కో జరుపుతారు, అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. ఆ వారాల్లో ఒక బడి వచ్చి గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటుంది.

ప్రదర్శన మొత్తం ఇరవై నిమిషాలు మించకూడదు, ఒక్కో అంశం నాలుగు నిమిషాలు. పాటలు రెండు పెన్‌డ్రైవుల్లో, ఒక ఫోన్లో ఉండాలి, ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదు. దుస్తులన్నీ ఒకే పెట్టెలో సర్దితే ఆ పెట్టె దారి తప్పిన రోజున ప్రదర్శనే ఉండదు. ఎవరి దుస్తులు వాళ్ల చేతి సంచిలో పెట్టుకోవాలి. నాటకం కత్తులు చెక్కవైనా చెక్-ఇన్ సామానులోనే వేయాలి. ఈకలు, గింజల దండలు, గడ్డి, తోలు ఉన్న వాయిద్యాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్తుంటే ప్రవేశ పత్రంలో ప్రకటించి తీరాలి. ప్రకటించిన వస్తువును తనిఖీ చేసి చాలాసార్లు ఇచ్చేస్తారు, దాచినదానికి జరిమానా పడుతుంది. దంతం పొదిగిన వాయిద్యాన్ని ఇంట్లోనే వదిలేయండి. ఇస్త్రీ పెట్టె కూడా మోయొద్దు: జపాన్ కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, యూరప్‌లో 230, ఒకచోటిది ఇంకోచోట అయితే వేడెక్కదు, లేదా కాలిపోతుంది.

దారిలో

పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే, 100 వాట్-అవర్ల లోపువే. అంటే 3.7 వోల్టుల లెక్కన సుమారు 27,000 ఎంఏహెచ్. ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాల్లో, అన్నీ కలిపి ఒక లీటరు సంచిలో. ఈ నియమం సడలించిన విమానాశ్రయాలున్నా తిరుగు ప్రయాణంలో తగులుతుంది కాబట్టి అలాగే సర్దించండి.

తలలు లెక్కపెట్టడానికి ప్రతి పిల్లవాడికీ ఒక అంకె ఇవ్వండి. వరసగా ఎవరి అంకె వాళ్లు అంటారు, నిశ్శబ్దం వచ్చిన చోట ఎవరు లేరో తెలిసిపోతుంది. సరదాకి పక్కవాడి అంకె కూడా అరిచేవాళ్లుంటారు, అందుకని ముఖాలు చూస్తూ వినాలి. తనిఖీ దాటాక, గేటు దగ్గర, ఇమ్మిగ్రేషన్ తర్వాత, సామాను తీసుకున్నాక, బస్సు కదలక ముందు ఈ లెక్క జరగాలి.

తప్పిపోతే ఏం చేయాలో బయల్దేరే ముందే నేర్పండి. ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయిన పిల్లవాడు అక్కడే నిలబడతాడు. రైల్లో ముందుకు వెళ్లిపోయినవాడు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే ఆగుతాడు. వెతకడం టీచరు పని. జేబులో కార్డు మీద టీచర్ల నంబర్లు, బస చిరునామా స్థానిక లిపిలో, అత్యవసర నంబరు ఉండాలి: యూరోపియన్ యూనియన్‌లో 112, అమెరికాలో 911, జపాన్‌లో అంబులెన్సుకు 119, పోలీసులకు 110. పాస్‌పోర్టులు ఇమ్మిగ్రేషన్ దాటగానే టీచరు వెనక్కి తీసుకుంటారు. జపాన్‌లో మాత్రం పదహారేళ్లు నిండినవాళ్లు తమ పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలని చట్టం.

మొదటి రోజు ఏమీ పెట్టొద్దు. తూర్పుకు ప్రయాణిస్తే నిద్ర సర్దుకోవడం మరీ కష్టం, ఆ నీరసంలో ప్రదర్శన పెడితే పిల్లలు వేదిక మీదే తూలతారు. మూడో రోజుకు వేయండి.

తిరిగొచ్చిన రెండు వారాల్లో ఖర్చుల లెక్క తల్లిదండ్రుల ముందు పెట్టి, మిగిలింది తిరిగిచ్చేయండి. అవతలివాళ్లు రావాల్సిన తేదీలను ఆ సమావేశంలోనే తేల్చండి, ఏ ఇల్లు ఎవరికో పేర్లు రాయించుకోండి. ఉత్సాహం ఉన్నప్పుడు పన్నెండు ఇళ్లు ముందుకొస్తాయి, మూడు నెలలాగితే నాలుగు.