వాల్వు రేడియో పది నిమిషాలకే బొంగురుపోతుంటే: వాల్వు కొనేముందు గ్రిడ్ వోల్టేజీ చూడండి

అటక మీద నుంచి దించిన వాల్వు రేడియోలు (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచే పాత సెట్లు) తిరుపతిలో ఇప్పటికీ నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. మర్ఫీ అయినా ఫిలిప్స్ అయినా బుష్ అయినా తెచ్చినవాళ్లు అనే మాట మాత్రం ఒకటే: "వాల్వు పోయినట్టుందన్నా, కొత్తది దొరుకుతుందా?" చాలాసార్లు పోయింది వాల్వు కాదు. మీటరుతో గ్రిడ్ (వాల్వులో పారే కరెంటుని అదుపు చేసే తీగ జాలీ) దగ్గర కాసేపు చూస్తే తేలిపోయే దానికి వాల్వులు తెప్పించి, డబ్బు పోగొట్టుకుని, ఆ కొత్త వాల్వునీ కాల్చుకుని వస్తారు. అందుకే ఇది రాస్తున్నా. సోల్డరింగ్, మీటరు వాడకం, విప్పేముందు కండెన్సర్లు డిశ్చార్జ్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఏళ్ల తరబడి మూలనపడ్డ సెట్టుని మాత్రం నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. 60 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో పెట్టి ఇవ్వండి. బల్బు నిండుగా వెలిగి అలాగే నిలబడిందంటే లోపల షార్ట్ ఉన్నట్టే.

అసలు ఏదీ వెలగడం లేదు

ముందు ఫ్యూజు, తరువాత వైరు, తరువాత స్విచ్. ఇవి చూడకుండా చాసిస్ (లోపలి ఇనుప చట్రం) విప్పేవాళ్లే ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్టయితే వాల్వుల హీటర్లన్నీ (వాల్వుని లోపల వేడెక్కించే ఫిలమెంట్లు) వరసగా ఒకే తీగ మీద ఉంటాయి. గంగమ్మ జాతరకి కట్టే సీరియల్ సెట్లలాగా, పాత రకంలో ఒక్క బల్బు పోతే వరసంతా ఆరిపోయేది కదా, ఇదీ అంతే. యూసీహెచ్81 అనే వాల్వుకి 19 వోల్టులు, యూబీఎఫ్89కి 19, యూసీఎల్82కి 50, యూవై85కి 38, అన్నిట్లోనూ పారేది ఒకే 100 మిల్లీ ఆంపియర్లు. ఒక్కో వాల్వు తీసి 4, 5 పిన్నుల మధ్య కంటిన్యుటీ చూడండి, తెగింది ఏదో దొరికిపోతుంది. అన్నీ బాగుంటే ఆ వరసలోనే ఉండే పెద్ద డ్రాపర్ రెసిస్టర్ (మిగిలిన వోల్టేజీని తగ్గించేది) తెగి ఉంటుంది. ఈ రకం సెట్లలో చాసిస్ నేరుగా కరెంటు లైనుకే కలిసి ఉంటుంది, ప్లగ్గు తిప్పి పెడితే ఇనుమంతా ఫేజ్ అయిపోతుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుని కరెంటు లైను నుంచి వేరు చేసేది) లేకుండా దీని మీద పని చేయొద్దు.

వెలుగుతోంది, స్టేషన్ రావడం లేదు

బ్యాండ్ స్విచ్ గ్రామఫోన్ స్థానంలో ఉందేమో చూడండి. ఇది చూసుకోకుండా బస్సెక్కి వచ్చినవాళ్లు నాకు తెలుసు, పాపం చిత్తూరు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. తరువాత ఏరియల్. వాల్వు సెట్టుకి కనీసం నాలుగైదు మీటర్ల తీగ కావాలి. ఆపైన ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టరు అన్నీ ఆపి కడప కేంద్రం పెట్టి చూడండి. అది 900 కిలోహెర్ట్జ్, పాత డయల్ మీద 333 మీటర్ల దగ్గర ఉంటుంది. ఎల్ఈడీ బల్బు ఆపగానే గోల తగ్గిందంటే రేడియోలో తప్పేమీ లేదు. వాల్యూమ్ తిప్పేటప్పుడు గరగరమంటే కంట్రోల్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు తిప్పండి, చాలు.

గుయ్యిమనే హమ్ అయితే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందని అర్థం. మార్చండి. ఎక్కువ విలువ వేస్తే ఇంకా మంచిదనుకుని రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే వాల్వు) తరువాత వచ్చే మొదటి కండెన్సర్ స్థానంలో 100 మైక్రోఫారడ్‌లు వేస్తారు, అది తప్పు. ఈజెడ్80 రెక్టిఫయర్‌కి 50 మైక్రోఫారడ్‌లే హద్దు. దాటితే రెక్టిఫయర్ వాల్వు ఆయుష్షు తగ్గుతుంది.

మొదట బాగా పాడుతుంది, తరువాత గొంతు బొంగురుపోతుంది

"పది నిమిషాలు బంగారంలా పాడతాది అన్నా, ఆ తరువాత గొంతు పట్టేసినట్టు అయిపోతాది." ఈ మాట వినగానే నేను ఇంకేమీ అడగను. అవుట్‌పుట్ వాల్వు (స్పీకర్‌ని నడిపే చివరి వాల్వు) విపరీతంగా వేడెక్కి ఉంటుంది, ఒక్కోసారి వాల్వు లోపలి ప్లేటు ఎర్రబడడం చీకట్లో కనిపిస్తుంది. ఎవరైనా సరే వాల్వునే అనుమానిస్తారు. నేనూ అలాగే అనుమానించాను.

శ్రీకాళహస్తి నుంచి వచ్చిన సెట్టు అది, ఒక పెద్దాయన తన తండ్రి కొన్నదని తెచ్చారు. అవుట్‌పుట్ వాల్వు ఈఎల్84 మార్చాను, పాడింది, పంపించాను. నెలలోపే తిరిగొచ్చింది. కప్లింగ్ కండెన్సర్ మీద అనుమానం వచ్చి విప్పి మీటరు పెట్టి చూశాను, 0.01 మైక్రోఫారడ్ సరిగ్గా చూపించింది, ఓముల్లో పెడితే ఓపెన్. బాగుందనుకుని మళ్లీ అక్కడే అతికించి ఇంకో ఈఎల్84 వేశాను. మూడోసారి వచ్చేసరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ కూడా మాడిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు, కానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ నా వల్లే పోయింది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అసలు దొంగ ఆ కండెన్సరే. అవుట్‌పుట్ వాల్వుకి ముందుండే వాల్వు ప్లేటు నుంచి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి పాటని పోనివ్వాలి, ప్లేటు మీదున్న డీసీని ఆపాలి, దాని పని అంతే. పాత సెట్లలో అది మైనం పూసిన కాగితపు కండెన్సర్. కాగితం తేమ పీల్చుకుంటుంది (కార్తీకమాసం వానలప్పుడు నా దగ్గరికి ఈ కేసులు ఎక్కువ వస్తాయి). మీటరు ఓముల్లో పెట్టి చూసేది ఏ ఒకటి రెండు వోల్టులతోనో, అంత తక్కువ వోల్టేజీలో లీకేజీ బయటపడదు. రేడియోలో దాని మీద పడేది వంద వోల్టులు, పైగా చాసిస్ కింద వేడి. లెక్క చూడండి: ప్లేటు మీద 100 వోల్టులు, గ్రిడ్ నుంచి చాసిస్‌కి ఉండే రెసిస్టర్ 470 కిలో ఓములు, కండెన్సర్‌లో లీకేజీ 10 మెగా ఓములు అనుకుందాం. అంత పెద్ద విలువని ఎవరూ లీకేజీ అనుకోరు, కానీ గ్రిడ్ మీదికి ప్లస్ నాలుగున్నర వోల్టులు వచ్చేస్తాయి. కాథోడ్‌తో (వాల్వులో ఎలక్ట్రాన్లు వదిలే భాగం) పోలిస్తే ఏడు వోల్టులు మైనస్‌లో ఉండాల్సిన గ్రిడ్ అది. కరెంటు పెరుగుతుంది, వాల్వు వేడెక్కుతుంది, ఆ వేడికి కండెన్సర్ ఇంకా లీకవుతుంది, మళ్లీ కరెంటు పెరుగుతుంది. పది నిమిషాలు ఎందుకు పడుతుందో ఇప్పుడు తెలిసింది కదా.

కాబట్టి కండెన్సర్‌ని విప్పి చూడకండి, రేడియో ఆన్‌లో ఉండగా చూడండి. డిజిటల్ మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల తీగ చాసిస్‌కి, ఎర్రది అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి. ఈఎల్84లో అది 2వ పిన్ను, ఈసీఎల్82లో 3, ఈసీఎల్86లో 8. పిన్నులు కింద నుంచి చూస్తూ లెక్కపెట్టాలి, పైనుంచి లెక్కపెట్టి తప్పు పిన్ను మీద పెట్టినవాళ్లు చాలామంది. వాల్యూమ్ సున్నాలో పెట్టి పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. ఆన్ చేసిన వెంటనే చూస్తే సున్నాయే చూపిస్తుంది, అక్కడే అందరూ మోసపోతారు. సున్నా ఉంటే మంచిదే, కొన్ని సెట్లలో మైనస్ ఉంటుంది, అదీ సరైనదే. ప్లస్‌లోకి వెళ్లి, అర వోల్టు నుంచి ఒకటి, రెండు అని ఎక్కుతుంటే రేడియో వెంటనే ఆపేయండి.

డిశ్చార్జ్ చేసి, కండెన్సర్ ఒక కాలు ఊడదీసి, రేడియో ఆన్ చేసి గ్రిడ్ దగ్గరే మళ్లీ కొలవండి. ప్లస్ పోయిందా, కండెన్సరే. పోలేదా, వాల్వు లోపల గ్యాస్ చేరింది, అప్పుడు మాత్రమే వాల్వు కొనండి. కండెన్సర్ స్థానంలో అదే విలువ, 630 వోల్టుల పాలిప్రొపిలీన్‌ది వేయండి. పాత స్టాకులో మూటగట్టి అమ్మే కాగితపు కండెన్సర్లు వాడనివైనా సరే వద్దు, వాటి కాగితమూ అంతే ముసలిది. ఇంత విప్పారు కనుక మిగతా కాగితపు కండెన్సర్లూ మార్చేయండి, ఏవీసీ (స్టేషన్ బలాన్ని బట్టి శబ్దాన్ని తనంతట తానే సర్దే భాగం) దగ్గరది లీకయితే ఆ సర్దుబాటు సరిగ్గా జరగదు. లైను నుంచి చాసిస్‌కి ఉండే దాని స్థానంలో మాత్రం వై క్లాసు సేఫ్టీ కండెన్సరే వేయాలి. మైకా కండెన్సర్ల జోలికి పోకండి.

ఐఎఫ్ కాయిల్ (స్టేషన్ సిగ్నల్‌ని వడగట్టే తీగచుట్ట) తెగడం, బ్యాండ్ స్విచ్ విరగడం లాంటివి నేను చూసింది చాలా తక్కువ, వాటి గురించి ముందే ఆలోచించొద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తెగితే ప్లేటు మీద వోల్టేజీ ఉండదు, వాల్వు లోపల స్క్రీన్ గ్రిడ్ (గ్రిడ్ తరువాత ఉండే రెండో జాలీ) ఎర్రబడుతుంది, చూస్తే తెలిసిపోతుంది.

మూత బిగించేముందు వెనక వోల్టేజీ సెలెక్టర్‌ని 240 మీదికి మార్చండి, ఆ రోజుల్లో 220 మీద పెట్టి అలాగే వదిలేసి ఉంటారు. ఒక గంట పాడనిచ్చి గ్రిడ్ దగ్గర మరోసారి కొలవండి. ఈఎల్84 కాథోడ్ మీద ఏడు వోల్టుల చుట్టుపక్కల నిలబడి, గ్రిడ్ సున్నా దాటకుండా ఉంటే, అప్పుడు స్క్రూలు బిగించండి.